ఎడమ పెడల్

పదిహేడు కిలోల ఇనుము.
రేజెక్నె శనివారం సంతలో
ఉప్పు దోసకాయల జాడీలకీ ఉన్ని మేజోళ్ళకీ మధ్య
స్టాండు మీద ఒరిగి నిలబడి ఉంది.
ముందు రేకుబిళ్ళలో కొంగ.
మిన్స్క్ ఫ్యాక్టరీ కొంగ.
ఒక రెక్కని తుప్పు తినేసింది.

బేరం తర్వాత.
ముందు తాళంచెవితో తట్టి చూశాను,
మా లాత్గలె కుమ్మరులు కుండని తట్టి చూసినట్టు.
పగులుంటే మూలుగుతుంది.
ఇది ఖంగుమంది.
అమ్మే మనిషి స్కైద్రీతె నవ్వింది:
"ఇరవై యూరోలకి గంట కూడా వాయిస్తోందే!"

ఇప్పటి షాపుల్లోవి చిటికెనవేలికి తగిలించుకుని పోవచ్చు.
మంచివే, మా అబ్బాయికీ ఒకటుంది.
విరిగితే పారేయాలట.
దీని వెనక గొట్టానికి మాత్రం ఇత్తడి అతుకు,
ఏ ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం షెడ్డులోనో
మందు మీదున్న చెయ్యి పోసింది,
లావుగా, వంకరగా,
విరిగి అతుక్కున్న ఎముకలా.

చలికాలమంతా వంటగదిలోనే కాపురం పెట్టింది సైకిలు.
బేకరీలో రాత్రి డ్యూటీ దిగొచ్చి
తెల్లటి చేతులు కడుక్కుని
మళ్ళీ నల్లగా చేసుకునేదాన్ని.
గోకితే గోడరంగు నీలం,
దాని కింద కంచెరంగు ఆకుపచ్చ,
ఇంకా కింద, హ్యాండిల్ మెడ దగ్గర మాత్రం,
గోరంత మేర, ఫ్యాక్టరీ ఎరుపు.
గ్రీజు ముదురుపాకంలా బిగిసిపోయింది.
కిరసనాయిలు పోస్తే ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి
బేరింగు గుళ్ళు.
టీ సాసర్లో లెక్కపెట్టాను. ఒకటి తక్కువ.
నేలంతా పాకి వెతికితే
పిల్లి పాలగిన్నెలో ఉంది.

పై అంతస్తు జెంత వచ్చి చూసింది.
ఆమె అన్నని నలభై తొమ్మిదిలో
పశువుల పెట్టెలో ఎక్కించి సైబీరియా తీసుకుపోయారు.
"ఆ దేశం సామాను నీకెందుకు, మెరిపించడం ఎందుకు?"
నా దగ్గర జవాబు లేదు.
చేతిలో ఉన్న స్పానరు ఇచ్చాను.
దాని మీద ధర అచ్చుగుద్ది ఉంది: నలభై అయిదు కోపెక్కులు.
అరచేతిలో తూచి చూసింది జెంత.
"మా నాన్న దగ్గర ఇలాంటిదే…"
అని ఆగి, కుర్చీ లాక్కుంది.
మర్నాడు చాక్లెట్ల వెండి కాగితాలు తెచ్చింది,
ఎన్నేళ్ళుగానో పుస్తకంలో దాచి సాపుచేసినవి.
వెనిగర్లో ముంచి ఇద్దరం రిమ్ములు రుద్దాం.

పెడళ్ళు ఆఖర్న విప్పాను.
ఎడమది ఎదురుమర, అది ఎవరికైనా తెలుసు.
కుడి రబ్బరు అరిగి అరిగి
లోపలి కడ్డీ పళ్ళు బయటపెట్టింది.
ఎడమదాని మీద అచ్చుగీతలు
నిన్ననే పెట్టె విప్పినట్టున్నాయి.
కుడివైపు ఇంకో గుర్తు,
తోలుపట్టీ రాసుకుని రాసుకుని పడ్డ గాడి.

ఆ రాత్రి పిండి పిసుకుతూ ఉప్పు రెండుసార్లు వేశాను.

శనివారం అడిగితే స్కైద్రీతె అంది:
"మా తాత దొనాత్స్‌కి ఎడమకాలు మోకాటిదాకానే.
రంపంమిల్లు తీసుకుంది.
కుడిపాదం పట్టీతో కట్టుకుని
పాలక్యాన్లు కేంద్రానికి వేసేవాడు.
ఆగాలంటే పక్కన కంచె కావాలి.
కంచెలేని ఇంటికి మా తాత
ఎప్పుడూ చుట్టరికానికి వెళ్ళలేదు."

కొత్త పెడళ్ళ జత కొనే ఉంచాను.
సొరుగులో అలాగే ఉంది.
రంగు ఎర్రగా వేశాను, ఇత్తడి అతుకుని ఆకురాయి తాకనివ్వకుండా.
కొంగకి రెక్క అతికించలేదు.

ఏప్రిల్లో రాజ్న సరస్సు దాకా తొక్కాను.
ఎగువలో ఒగర్చి దిగి నడిచాను,
అబద్ధం ఎందుకు, రెండుసార్లు.
దిగువలో ఆ పదిహేడు కిలోలూ
నన్ను ఎత్తుకుని పరిగెత్తాయి.
ఎడమపాదం కింద రబ్బరు గీతలు
బూటు అడుగుని దాటి తగిలాయి.

ఊరి మొదట ఎవరిదో చెక్కకంచె.
వెనక్కి తొక్కి వేగం తగ్గించి,
కాలు దించకుండా,
చేత్తో కంచె పట్టుకుని ఆగి చూశాను.

లోపలినుంచి కుక్క మొరిగింది.
కాసేపు అలాగే ఉన్నాను.