మేకు లేని పాక

వంశధార సముద్రంలో కలిసే చోటికి ఇవతల,
కరెంటు తీగ చేరని సరుగుడు తోట వెనక
ఒక పాక కావాలన్నాం.
ఇనుము మాత్రం ఉండకూడదన్నాం.

"సీలొక్కటీ ఒద్దా?" అన్నాడు కొర్ను అసిరయ్య.
"ఒద్దు."
"బందు?"
"ఒద్దు."
"కట్టుతీగ?"
"ఒద్దు."
"మరి గాలేస్తే?"

తిత్లీ రాత్రి మెలకువగా ఉన్నవాడి ప్రశ్న అది.
నా చదువులో దానికి జవాబు లేదు.

వెదురు చీలికలు మేకులయ్యాయి,
తాటినార ముడులయింది.
పదకొండో రోజున భుజంతో తోసి చూశాను.
కిర్రుమంది. కదల్లేదు.

లోపల చెక్కబల్ల మీద పిడికెడు పెట్టె.
ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున
భూమితో సమానంగా పరుగెత్తుతూ
నిలబడిపోయినట్టు కనిపించే ఉపగ్రహానికి
పొడుగాటి చెయ్యి ఒకటి ఉంటుంది.
ఆ చేతి చివర ఉండాలి ఇది.
సూర్యుడి నుంచి వీచే గాలి
భూమి అయస్కాంతపు గొడుగుని ఎంత నొక్కిందో చెప్పాలి.
ఇక్కడ నలభై వేలు దాటే లెక్క
అక్కడ వందకి అటూ ఇటూ.
ఆ వందలో ఒక్కటి తేడా వచ్చినా
దీనికి తెలియాలి.

"సూర్యుడికి తుఫానేటమ్మా?" అసిరయ్య నవ్వాడు.
వాళ్లావిడ ఆదివారాలు అరసవల్లి వెళ్తుంది.
ఆయన అలాంటివాడు కాడట.

పాకలోకి అడుగుపెట్టే ముందు
పిన్నీసులు తీసేవాళ్లం, బెల్టులు, తాళాలు, ఫోన్లు.
ఫల్గుణరావు కళ్లజోడు కూడా తీసి
గుమ్మం తడుముకుంటూ వచ్చేవాడు.

అయినా రోజూ పన్నెండున్నరకి గీత లేచేది.
రెండున్నర నానోటెస్లా, అంతే.
ఇరవై నిమిషాలుండి మళ్లీ పడుకునేది.

సూర్యుడే అనుకున్నాం. కాస్త పొంగిపోయాం కూడా.
దూరపు కేంద్రాల లెక్కలు తెప్పిస్తే
అక్కడ ఆ వేళ ఆకు కూడా కదల్లేదు.
పాక చుట్టూ ఇసక తవ్వాం,
తుప్పు పట్టిన గాలం దొరికింది, విసిరేశాం.
మర్నాడు పన్నెండున్నరకి గీత లేచింది.

తొమ్మిదో రోజు బయటికి పరుగెత్తాను.
గోడ నీడలో వీపు ఆనించి,
సత్తుగిన్నెలో అంబలి కలుపుకుంటూ,
కాలు చాపుకుని అసిరయ్య.
మొలతాడు తాళం ఎప్పుడో ఇంట్లో పెట్టి వస్తున్నాడు,
ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేదు.

"ఇదేటో మరి," అని పిక్క చూపించాడు.
టెక్కలి రాళ్ల క్వారీలో, ఇరవై ఏళ్ల కిందట,
సుత్తి అంచు చిట్లి దూరిన ముక్క.
తీయించలేదు.
"ఆ దినం కూలి పోతాదని."

కాలు దగ్గరికి జరిపాడు, గీత లేచింది.
దూరం జరిపాడు, పడింది.
లోపలి నుంచి ఫల్గుణరావు కేక వేశాడు, ఏదో గెలిచినట్టు.
పాక కట్టినవాడు మాత్రం గిన్నెలోకి చూస్తూ,
"సీల నానే తెచ్చినాను," అన్నాడు.

పైకెళ్లేదానికీ సొంత ఇనుము ఉంటుందని చెప్పాను.
మోటార్లు, తీగల్లో పారే కరెంటు.
అవి లేకుండా అది బతకదు.
ఎంతో కొలిచి రాసుకుంటాం,
వచ్చిన లెక్కలోంచి తీసేస్తాం.

"అయితే నాదీ రాసుకోండి.
నన్ను ఎండలోకి తోలీకండి."

రాసుకున్నాం.

పెట్టె వెళ్లిపోయింది. పాకలో ఇప్పుడు
ఎవరో వలలు దాచుకుంటున్నారు.
తీసివేతల పట్టికలో
బ్యాటరీకీ సౌరఫలకాల మోటారుకీ మధ్య
అసిరయ్య అని ఒక వరస.
ప్రయోగానికి ముందు ఆఖరిసారి సరిచూస్తూ
దాని ఎదుట సున్నా పెట్టాను.

వరస తీయలేదు.