కింది వాటా నుంచి

మొదట నేను రాసింది ఫిర్యాదే.
"పై వాటాలో కుక్క తెల్లవారుజామున ఐదుంబావు మొదలు
మధ్యాహ్నం రెండున్నర దాకా ఏడుస్తోంది,
తగిన చర్య తీసుకోగలరు" అని.
కవర్లో పెట్టాను, అంటించలేదు.
నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి బతికినవాణ్ణి,
నూరు టిక్కుటిక్కుల మధ్య గురకపెట్టి నిద్రపోయినవాణ్ణి,
ఒక్క గొంతు నన్ను లేపడమేమిటని
పౌరుషం.

మెట్ల మీద ఎదురైంది విజ్మా.
ట్రాము నడిపేవాళ్ళ నీలం కోటు,
చేతిలో దూది, అయోడిన్ సీసా.
కట్టు తనకి కాదు.
"తలుపు గీకి గీకి గోరు ఊడింది," అంది.
"సెప్టెంబర్లో దొరికింది. సముద్రం ఒడ్డున, ఎవరిదో వేసవి ఇంట్లో.
సెలవులైపోయాయి, తాళం వేసుకుని వెళ్ళిపోయారు.
పదకొండు రోజులు."

ఇంకేం చెప్పలేదు.
ఆ రాత్రి కవరు పొయ్యిలో వేశాను.
తలుపు మూసుకున్న ప్రతిసారీ
రోనిస్‌కి వేసవి అయిపోతోందన్నమాట.

మర్నాటి నుంచి నాకో ఉద్యోగం.
విజ్మా తలుపేసి బయట నిలబడుతుంది.
నేను కింద కుర్చీ ఎక్కి, పైకప్పుకి చెవి ఆనించి,
పాత రైల్వే గడియారం పట్టుకుని లెక్కపెడతాను.
ఐదు సెకన్లు: గోళ్ళ చప్పుడు.
ఏడు: ముక్కుతో గాలి పీల్చడం, గుమ్మం సందులోంచి.
తొమ్మిది: మూలుగు.
ఏడు దగ్గరే చీపురుకర్రతో కప్పు మీద కొడతాను,
ఆమె తలుపు తీస్తుంది,
ఏమీ జరగనట్టు, ఉప్పుకోసం వెళ్ళొచ్చినట్టు.
అడగందే అమ్మైనా పెట్టదని లోకం మాట.
ఇక్కడ అడగకముందే రావాలి.

తక్కిన పొద్దంతా ఉత్తుత్తి ప్రయాణాలు.
తాళంచెవులు తీసుకుని టీ కాచుకోవడం,
కోటు తొడుక్కుని సోఫాలో కూరగాయలు తరగడం,
బూట్లేసుకుని వంటింటి దాకా పోయి రావడం.
మూడు వారాలకి తాళంచెవులు
వట్టి ఇనుపముక్కలయ్యాయి.

ఆమె డ్యూటీకి వెళ్ళే రోజుల్లో రోనిస్ నా దగ్గరే.
ఒంటరిగా ఉండడం నేర్చుకునేదాకా
ఒంటరిగా ఉంచకూడదట. తిరకాసు లెక్కే,
కానీ నాకు నచ్చింది.
బల్ల కింద పడుకుని అలమర వంక చూసేది.
అందులో పద్నాలుగు గడియారాలు,
బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రానివాళ్ళవి.
ఆదివారం ఆదివారం ఇప్పటికీ వాటికి కీ ఇస్తాను.
ఎందుకని విజ్మా అడగలేదు.

ముప్పై సెకన్లు. రెండు నిమిషాలు. పదకొండు.
అర్ధగంట నిలిచిన రోజున
తలో గుక్కెడు బాల్సం తాగాం.
జనవరిలో మా చూరు మీది మంచుగడ్డ
వీధిలోకి విరిగిపడింది, ఫిరంగి పేలినట్టు.
మళ్ళీ ఏడు సెకన్ల దగ్గరికే.
విజ్మా మెట్ల మీదే కూలబడి,
టోపీ కూడా తియ్యకుండా ఏడ్చింది.
అది మాత్రం
నేను లెక్కపెట్టలేదు.

దౌగవా నదిలో మంచు కదిలింది, పలకలు పలకలుగా.
నిన్న ఆమె రోనిస్‌ని ఇంట్లోనే ఉంచి
పూట డ్యూటీకి వెళ్ళింది.
నేను కుర్చీ ఎక్కాను.
పది నిమిషాలు. గంట.
మధ్యలో ఎవరో నీళ్ళు తాగిన చప్పుడు,
ఒళ్ళు దులుపుకుని మళ్ళీ వాలిన చప్పుడు.
రెండు గంటల పదిహేడో నిమిషాన
మూల మలుపులో ఆమె ట్రాము గంట కొట్టింది,
మామూలు కంటే ఒకసారి ఎక్కువే.
పైన తోక నేలకి తగిలింది.
రెండుసార్లు.
అంతే, లేవలేదు.

ట్రాము వెళ్ళిపోయింది.
పై వాటా నిద్రపోతోంది.
నేనే, చీపురుకర్ర పట్టుకుని,
ఇంకా కుర్చీ మీద.