రెక్క ఏ పక్క

కాశీబుగ్గలో మ్యాట్నీకి ముప్పై ఒక్కరం వెళ్ళాం
సగం పూట కూలి వదులుకుని.
టికెట్లు చింపే కుర్రాడు మా చేతులు చూసి
"జీడి బట్టీవోలా?" అన్నాడు.
నల్లబడిన వేళ్ళ కొసలు, గోళ్ళ చుట్టూ ఊడిన తోలు.
జీడిరసం మనకన్నా ముందే మన ఊసు చెప్పేస్తుంది.

ఈ కథ వీళ్ళెవరూ చదవలేదు. విన్నారు.
నేను పది తప్పిన ఏడాది
ఆ షెడ్డు మొత్తంలో చేతులు ఖాళీగా ఉన్నది నాకొక్కదానికే.
లైబ్రరీ పుస్తకం, అట్ట లేదు, నాలుగు వందల పేజీలు.
పిక్కలు చిట్లే చప్పుడు మీదికి గొంతెత్తి
ఆ వానాకాలమంతా చదివాను.

ఉప్పు దీవి. అద్దం మింగిన రాజు.
పేరు అమ్ముకున్న పిల్ల,
ఆ పిల్లని మోసుకు తిరిగే ఒంటిరెక్క గుర్రం.
రెక్క ఏ పక్కనో రాసినాయన రాయలేదు.
దాని మీద రెండ్రోజులు పని సాగలేదు.
ఎడమ పక్కే అంది తవిటమ్మ, "కుడిసేత్తో పనుంటది కాదేటి."
లోలాక్షి కుడి అంది.
దాలమ్మ చేతులకి బూడిద అద్దుకుంటూ
"అదెటు తిరిగితే అటు" అంది.
గుర్రం తెలుపని నేను చదివినా ఒక్కరూ ఒప్పుకోలేదు.
వేపిన పిక్క రంగు. అంతే.

తెర మీదికి అది తెల్లగానే వచ్చింది.
"ఓలమ్మ, దీనికి సున్నమేసినారేటి!"
రెక్క కుడి పక్క.
లోలాక్షి ఈల వేసింది, అరవై దాటిన మనిషి,
ఆవిడకి ఈల వచ్చని కొడుక్కి కూడా తెలీదు.
రాజు కడుపులో అద్దం మెరిసినప్పుడు
ముందు వరసల్లో గుంటలు కాగితాలు ఎగరేశారు.
మా వరస కదల్లేదు. మా రాజు ఇంతకన్నా బాగా మెరిశాడు
కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో, గుమ్మం వెలుతురుకి.
"ఇది ఉప్పేటి?" అంది ఊర్మిళ,
"మా నౌపడ తీసుకొస్తే నాను సూపించుదును."
ఇంటర్వెల్లో సమోసాలు తింటూ అందరూ తిట్టారు,
తిట్టే హక్కు ఉన్నవాళ్ళ సంబరంతో.

తర్వాత, కొండ కొమ్మున, గుర్రం చచ్చిపోయింది.
పిల్ల దాని రెక్క కప్పుకుని పడుకుంది.
హాలంతా ముక్కులు చీదుతుంటే
తవిటమ్మ లేచి నిలబడింది.
"బుక్కులో సావలేదు! డబ్బులకి సంపీసినారు!
ఒలే, సదివిందానివి నువ్వు. సెప్పు."
ముప్పై మొహాలు తెర వదిలి నా వైపు.

మూడు వందల పన్నెండో పేజీ.
ఆ వారమే తవిటమ్మ పెనిమిటికి మొదటి డయాలసిస్.
ఆవిడ చేతిలో పిక్క ఆగిపోయింది.
"సస్తదేటి?" అంది.
నేను రెండు పేజీలు కలిపి తిప్పేశాను.
లేదు లేదు, లేచింది, కుంటుకుంటూ లేచింది అన్నాను.
అక్కణ్ణుంచి ఎనభై పేజీలు
పుస్తకంలో లేని గుర్రాన్ని నేను మేపాను.
నీళ్ళు పట్టాను. ఏరు దాటించాను.
యుద్ధంలో ఒకసారి మర్చిపోతే
"గుర్రమేదే?" అని దాలమ్మ అడిగింది.
ఉంది, చెట్టుకి కట్టేసి ఉంది అన్నాను.

సినిమావాళ్ళు అక్షరం తప్పలేదు.
"మార్చీసినారు," అన్నాను నేను. చీకట్లో.

బయట ఆటోలు దొరకలేదు. ఎండ ఇంకా పోలేదు.
ఎవరో హీరో జుట్టు గురించి నవ్వుతున్నారు.
నాలుగేళ్ళుగా బొట్టు లేని నుదురు చెమట తుడుచుకుని
తవిటమ్మ అంది,
"రేపా బుక్కు తే. కొండ కాడి నుంచి సదువు."
లైబ్రరీలో చెదలు తినేశాయన్నాను.
అదీ అబద్ధమే.
"తింటే తిన్నాయిలే. నీకు నోటికొచ్చు కదేటి,"
ఆటో ఆపడానికి చెయ్యి ఎత్తి, నా మొహం చూడకుండా,
"రెక్క మాత్రం ఎడమ పక్క పెట్టు."