చింతపిక్కల పోకర్

రాయగడ రైల్వే క్వార్టర్సు వెనక
కరెంటు పోయిన రాత్రుల్లో
చింతపిక్కలే పందెం.
త్రినాథ పాత్రో గారు, పాత గూడ్సు గార్డు,
నా ముందున్న కుప్పంతా ఊడ్చుకుని అడిగేవారు:
"ఎందుకొచ్చావు ఆటలోకి?"
నేను గెలిచిన రోజూ అదే ప్రశ్న.

ఇరవై రూపాయల నోటుబుక్కు కొన్నాను.
గెలుపు రాయొద్దన్నారు, కారణం రాయమన్నారు.
మొదటి నెలంతా ఒకటే కారణం:
విసుగు.
పారేయాల్సిన ముక్కలు పారేయలేక.

ఒకసారి అన్నీ సరిగ్గానే ఆడాను,
చివరి ఇస్పేటు వచ్చి ముంచేసింది.
ఆయన తన టీలో సగం నాకు వంచారు.
"ఓడాను. తప్పు లేదు." పదిహేడో పేజీ.

వానలు పడ్డాక గానీ విప్పలేదు అసలు గుట్టు:
"మంచి ముక్కలొస్తే నీ నోట ఒడియా వస్తాదిరా.
చెత్త పడితే తెలుగే."

నిన్న
ఏడూ రెండూ పట్టుకుని,
గూడ్సు బండి దాటేదాకా ఆగి,
"హౌ, దెఖిబా" అన్నాను.
పాత్రో గారు చాలాసేపు చూసి
ముక్కలు బోర్లించేశారు.

ఇంటికెళ్తే సుభాసిని అడిగింది, గెలిచావా అని.
"హఁ" అన్నాను.
లాంతరెత్తి నా మొహం చూసింది,
ఏ భాషలో ఉన్నానో
తేల్చుకోలేక.