పచ్చబుగ్గ

ముప్పై ఒక్క ఏండ్లు నీళ్లిడిసిన.
దేవరకొండల ఏ గల్లీ కింద ఏ పైపు
ఎక్కడ మోచెయ్యి తిప్పుకుంటదో
నా చేతికి ఎరుకే.
నల్లాలన్నీ కట్టేసినంక కూడా
మీటరు ముల్లు తిరుగుతుందంటే
ఎక్కడో మన్ను తాగుతుంది,
లేకపోతే మనిషి తాగుతుండు.
ఈ రెండే.

మొన్న రాత్రి నిద్ర పట్టలే.
రెండున్నర.
గోడకు కొట్టిన ఇంటర్‌నెట్ డబ్బ మీద
పచ్చబుగ్గ కొట్టుకుంటున్నది,
ఓసారి గబగబ,
ఓసారి ఆగి, మల్ల టిక్కున,
ఈగ వాలితే పెయ్యదూడ చెవి కదిలినట్టు.
ఇల్లంత నిద్రల ఉన్నది.
మరి తాగేదెవరు?

అలవాటు పాడుగాను,
ఒక్కొక్క నల్లా కట్టేసుకుంట పోయిన.
నా ఫోను బంద్.
ఈదమ్మ ఫోను దిండు కిందికెళ్లి తీసి బంద్.
టీవీ ఎప్పుడో ఆర్పిందే.
చీకట్ల కూసోని జూస్తే
ఇంకా కొట్టుకుంటనే ఉన్నది.
డబ్బకు చెవి ఆనిచ్చిన.
నీళ్లకైతే సప్పుడుంటది. దీనికి లేదు.
నా చెవి పనిచెయ్యని చోటు ఒకటుందని
అరవైల పడ్డంక తెల్సింది.

తెల్లారి నజీరొచ్చిండు, వైర్లు గుంజే పిలగాడు.
తన ఫోన్ల మా ఇంటి డబ్బను తెరిచి చూయించిండు.
వరుసగ పేర్లు, పేరు పక్కన అంకెలు,
మేము జూస్తుండంగనే పెరుగుడు.
"పెద్దనాయన, ఇది లీకేజీ గాదు.
యంత్రాలు ఊకుండయి.
టైమెంతైందని ఒకటడుగుతది.
కొత్త సరుకేమన్న దిగిందా అని ఇంకోటడుగుతది.
డబ్బ తనకు తనే పిలుస్తది: ఏడో నంబరోడా, ఉన్నవా?
ఉన్న అంటే మంచిదంటది,
పలకకుంటే మల్లడుగుతది.
టీవీని ఆర్పినమనుకుంటరు.
అది కండ్లు మూసుకున్నదంతే, నోరు తెరిచే ఉంటది.
బయటికెళ్లి గూడ వస్తరు.
ఏ దేశపోడో తెల్వదు,
దునియల ఉన్న తలుపులన్నీ వరుసబెట్టి
నూకి చూసుకుంట పోతడు.
గొళ్లెముంటే పక్కింటికి పోతడు.
దినాం వెయ్యిమార్లు.
నీ మీద పగేం లేదు."

వెయ్యిమార్లు మా తలుపు నూకుతున్నరంట.
నేను గుర్రు పెడుతున్న.

"అంత మంచిగనే ఉన్నది గని,
మా ఇంట్ల ఉన్నయి మూడే.
గీ నాలుగో పేరేంది?" అన్న.
నజీరు నా దిక్కు చూడలే.
వంటింట్ల గిన్నెల సప్పుడు ఆగింది.

పక్కింటి తిర్పతమ్మ మనుమరాలు,
నర్సింగు చదివే పిల్ల,
గోడవతల మెట్ల మీద ఫోను పెట్టి
రాత్రంత పాఠాలు దించుకుంటదట.
పాస్‌వర్డు చీటీ మీద రాపిచ్చి
చింతచిగురు కూర గిన్నె కింద పెట్టి
ఈదమ్మనే ఇచ్చిందట.

దొంగ కనెక్షన్!
ఎన్ని కోసిన నా నౌకరీల.
గడ్డపారతోని రోడ్డు తవ్వి
అర అంగుళం పైపులు కోసి మూత బిగించిన.
తిట్టినోళ్లున్నరు, మన్నెత్తి పోసినోళ్లున్నరు.
ఒక్కటి కోయలే.
ఖిల్లా కింది గల్లీల
షాబాద్ బండ ఎత్తితే తడి.
బోరు నీళ్లు తాగి తాగి మెడ తిరగనోడు ఆ ఇంటాయన,
నన్ను జూసేటందుకు
మొత్తం పెయ్యి తిప్పిండు, మెల్లగ,
తలుపు తిరిగినట్టు.
బండ ఎట్లున్నదో అట్ల పెట్టి వచ్చిన.
బుక్కుల "లీకేజీ లేదు" అని రాసిన.
ఈదమ్మకు గూడ చెప్పలే.

"తీసెయ్యాల్నా, పెద్దనాయన?"
వంటింట్ల ఇంకా సప్పుడు లేదు.
"దానికి మనం పేరు పెట్టొచ్చునా?" అన్న.
పెట్టొచ్చన్నడు.
"బండ అని పెట్టు."
ఎందుకని అడగలే, మంచి పిలగాడు.
లోపల గంటె గిన్నెకు తాకింది.

రాత్రి మల్ల రెండైంది.
పచ్చబుగ్గ కొట్టుకుంటున్నది.
ఉన్నవా? ఉన్న.
ఉన్నవా? ఉన్న.
ఎవడో తలుపు నూకి పోయిండు.
నేను లేసి
టీవీ ఒక్కదాన్ని గోడకాడ స్విచ్చి బంద్ చేసి
వచ్చి పండుకున్న.
ఊకె అడుగుడెందుకు దానికి.