పదకొండు బిందెల లోతు

నీవా నదిలో ఇసక కూడా మిగల్లేదు,
ఈ చిత్తూరులో ఓడ గురించి ఎట్లా చెప్పేది?
సెకండియర్‌లో ముప్పై నాలుగు మంది.
సముద్రం చూసినోళ్ళు ఇద్దరు,
అందులో ఒకడిది అబద్ధం.

అయినా చెప్పినా.
వేల టన్నుల ఇనుము
ఒడ్డున పుట్టి, ఒడ్డు మీదే పెరిగి,
ఒకనాడు తోక ముందు పెట్టి నీళ్ళలోకి జారతాది.
ఎత్తి పెట్టే చెయ్యి ఏదీ ఉండదు.
వాలు ఉంటాది, జిడ్డు ఉంటాది,
కింద భూమి లాగతా ఉంటాది.
ఇరవై అడుగులకు ఒక్క అడుగు దిగుడు,
మన గేటు కాడ సైకిలు దానంతట అదే పోతాది చూడు,
అంతకన్నా తక్కువే.

"ఏం జిడ్డు మేడం?" అనింది రెడ్డెమ్మ.
కొవ్వు, సబ్బు. కరువొచ్చిన చోట
అరటిపండ్లు పిసికి పూసినారంట.
అందరూ నవ్వినారు, ఆ పిల్ల నవ్వలా.
వాళ్ళమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి చెక్కు తీస్తాది.
పోయిన సీజన్లో ఆ తొక్కల మీదే జారి
రెండు నెలలు ఎడమ చేత్తో అన్నం కలిపింది.
"కదిలేదాకానే పట్టు మేడం,
కదిలినాక ఇంక నిలబడేది లేదు.
మాయమ్మ చెప్పింది."
స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ అని
బోర్డు మీద రాయబోయిన చాక్‌పీసు
చేతిలోనే పట్టుకోని నిలబడినా.

మర్నాడు ఉప్పు సంచి నిండా తొక్కలు తెచ్చింది.
అటెండరు చెంగల్రాయులు
విరిగిన బెంచీ పలక ఏటవాలుగా ఆనించినాడు.
ఓడ, గజేంద్ర వాళ్ళ మామ వెల్డింగ్ షాపులో
నూనె డబ్బా రేకుతో అతికించింది,
మూరెడు పొడుగు, కడుపు నిండా నట్లు బోల్టులు.
సముద్రం, తోటలో సిమెంటు తొట్టి.
నీళ్ళు మూడు వేళ్ళు.

ఓడ కదల్లేదు.
చెంగల్రాయులు పలకను ఒక్క చరుపు చరిచినాడు.
కదిలింది.
పలక అయిపోయింది, తోక గాల్లోకి పోయింది,
ఎత్తాల్సిన చోట నీళ్ళు ఎత్తలా.
సగం పైగా బరువు అంచు దాటేసరికి
తోక వంగి, ముక్కు లేచి
టంగుమని తొట్టి అడుక్కి కొట్టుకునింది.

నీళ్ళకు సొంత బలం లేదురా నాయనా,
ఎంత నీళ్ళను పక్కకు నెడితే
అంత మోస్తాయి.
నెట్టేదానికి ముందు నీళ్ళుండాల గదా.

ట్యాంకరు నాలుగు దినాలకొకసారి.
అయినా పొద్దున్నే పదకొండు బిందెలు వచ్చినాయి,
ప్లాస్టిక్కువి, స్టీలువి, ఒక ఇత్తడిది.
ఒకడు తలకు పోసుకోలేదు.
ఒకతె వాళ్ళవ్వ చేత తిట్లు తినొచ్చింది.
కొలిచి పోసినాము. జానెడు లోతు.

ఈసారి పక్కలకు సైకిలు చైన్లు కట్టినాము,
పోయేదాన్ని పట్టి నిలిపేదానికి.
చరిచినాడు.
తోక మునిగింది, మునిగి మెల్లగా లేచింది.
నేను చెప్పాలనుకునింది ఆ క్షణమే.
వెనక నీళ్ళు ఎత్తతా ఉండాయి,
ముందర ఒడ్డు ఇంకా వదల్లేదు,
భారం అంతా వచ్చి ముక్కు కింద
రెండు వేళ్ళ జాగాలో కూర్చుంటాది.
నిజం ఓడకైతే అక్కడ జిడ్డు కాలి పొగ లేస్తాదంట.
మా పలక మీద తొక్క నలిగి
నల్లటి చార పడింది.

అంతే, తేలింది.
అటూ ఇటూ ఊగి, చైన్లు గరగరా ఈడ్చుకోని
అవతలి గోడకు బెత్తెడు దూరంలో ఆగింది.
ఎవురూ చప్పట్లు కొట్టలా.
రెడ్డెమ్మ స్కేలు తీసుకోని
తొట్టి గోడ మీద తడి ఎంత పైకొచ్చిందో
వంగి చూస్తా ఉండాది.
ఆ తడిలోనే ఓడ బరువు ఉండాదని
నేను చెప్పకుండానే గుణించింది.

సాయంత్రం సముద్రాన్ని
ఎవురి బిందెలో వాళ్ళు ముంచుకోని పోయినారు.
మామిడి వాసన కొడతా ఉండాయి,
గిన్నెలు కడిగేదానికి పనికొస్తాయి.
ఓడను తుడిచి చెంగల్రాయులు
ల్యాబు బీరువా మీద పెట్టినాడు,
తోక కిటికీ వైపు.