నల్ల డేగ, ఒకటి

కాన్సస్‌లో జనవరి. గీత గీసినట్టు మట్టిరోడ్డు.
ఓర్ఫా ఉన్‌రూ పాత టపా బండికి
స్టీరింగు కుడిపక్కన ఉంటుంది.
ముప్ఫైయేళ్ళు ఉత్తరాలు పంచిన చెయ్యి
ఇంత చలిలోనూ కిటికీ బయటే, అలవాటుగా.

"అదిగో, స్తంభం మీద."
నాకు కనిపించింది ఒకటే:
ఎవరో పైన పెట్టి మరిచిపోయిన బొగ్గుమూట.

"నలుపని రాసి ఊరుకోకు," అంది,
"నలుపు తలుపు మాత్రమే.
లోపల ఎవరున్నారో చూడాలి."

ముందు కాళ్ళు.
వేళ్ళ దాకా ఉన్నిమేజోళ్ళు తొడుక్కుని ఉంటే
ఉత్తరాన మంచుబీళ్ళ నుంచి దిగొచ్చిన చుట్టం,
చిన్న పాదాలు, పుల్లంత కొమ్మ కొసన కూడా కూర్చుంటుంది.
మేజోళ్ళున్నా, నోటి పసుపు కంటి కిందదాకా సాగిందా,
అది వేరే ఇంటిపేరు.
కాళ్ళు బోసిగా ఉంటే తోక చూడు.
బూడిద కలిపిన పాలలా ఉంటే అలాస్కాది.
ఇటుకపొడి రంగైతే మన ఎర్రతోకదే,
కాస్త పొగచూరింది, అంతే.

"ఎగిరితే రెక్కల కింద వెండి అస్తరు కనిపిస్తుంది.
మురిసిపోకు.
అన్నీ ఒకే దర్జీ దగ్గర కుట్టించుకున్నవి."

దుర్భిణి అంచున నా ఊపిరి మంచుగట్టింది.
కాళ్ళు పొట్టఈకల్లో దాచుకుంది,
తోక స్తంభం వెనకాల.
గాలికి ఎదురుగా ముఖం తిప్పేసింది.
అలాస్కాది అని రాసేద్దామా, అన్నాను.
నా జాబితాలో అదొక్కటే ఖాళీ.

ఓర్ఫా ఇంజను ఆపింది.
"ఈ రోడ్డు మీద ముగ్గురు జేకబ్ ష్మిట్‌లు ఉండేవాళ్ళు.
కవరు మీద చేతిరాత చూసి ఎవరిదో చెప్పేదాన్ని.
ఒకసారి, మంచుతుఫాను, తొందర,
ఒక జేకబ్ చెల్లెలి చావుకబురు
ఇంకో జేకబ్ డబ్బాలో వేశాను.
అతనికీ చెల్లెలుంది.
రెండు రోజులు ఏడ్చాడు.
మూడోరోజు ఆవిడే ఫోన్ చేసిందట,
కోళ్ళ మేత ధర అడగడానికి."

నవ్వాలో వద్దో తెలియలేదు.
ఆమె నవ్వలేదు.

అప్పుడే అది లేచింది.
వెండి తళుక్కుమంది, చెప్పినట్టే.
తోక మీద ఎండ పడేలోపు
గోధుమచేను దాటి, గోతాల రంగు ఆకాశంలో
చుక్కై, చుక్క కూడా కాకుండా.

పెన్సిలు ఆమె తీసుకుంది.
నల్ల డేగ, ఒకటి. ఎవరో తెలియదు.
టైము వేసింది. పది గంటల నలభై.

తీగ ఇంకా ఊగుతోంది.
తర్వాతి స్తంభం ఖాళీ.
దాని తర్వాతిదీ.